బావి ఈత నుంచి బ్రెస్ట్ స్ట్రోక్‌కు: కాళ్ళు మడిచే చోట పోతున్న వేగం

ఈ కేసులోని వ్యక్తికి 38 ఏళ్ళు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం, సొంతూరు నర్సంపేట వైపు ఒక పల్లె. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ వ్యవసాయ బావిలోనే గడిపారు. నడుముకు ఎండు సొరకాయ కట్టుకొని మొదలుపెట్టి, గట్టు మీది నుంచి తలకిందులుగా దూకే దాకా వెళ్ళారట. ఉద్యోగంలో చేరాక మళ్ళీ నీళ్ళలో దిగింది లేదు. కూతురిని వేసవి శిక్షణలో చేర్పించడానికి హనుమకొండలో నేను నేర్పే పూల్‌కు వచ్చి, ఆ అమ్మాయితో పాటు తానూ చేరారు. ఆ సీజన్ ముగిసేలోపే ఆరో తరగతి చదివే కూతురు తండ్రిని దాటి వెళ్ళడం మొదలుపెట్టింది. "నాన్న ఈదడం లేదు సార్, నీళ్ళలో నడుస్తున్నాడు" అని నాతో చెప్పి నవ్వింది. ఆ మాట ఎంత కచ్చితమైనదో కింద చెబుతాను.

మరుసటి ఏడాది పూల్ తెరిచిన వెంటనే ఆయన ఒక్కరే వచ్చారు. బ్రెస్ట్ స్ట్రోక్ (బోర్లా ఉండి, రెండు చేతులూ ఒకేసారి లాగి, రెండు కాళ్ళూ కప్పలా మడిచి తన్నే ఈత) ఒక్కటే నేర్చుకుంటానని, 50 మీటర్లు వేగంగా ఈదాలని అడిగారు. ఫ్రీస్టైల్‌లో పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవడం ఆయనకు నచ్చలేదు. పేరు రాయనన్న మాట మీద ఈ వివరాలన్నీ పంచుకోవడానికి ఒప్పుకున్నారు.

మొదటి కొలత

మాది 25 మీటర్ల పూల్. గోడను తన్నుకొని బయలుదేరి, మామూలుగా ఈదమన్నాను. 36 సెకన్లు, 21 స్ట్రోకులు (చేతులతో ఒకసారి లాగి, కాళ్ళతో ఒకసారి తన్నితే ఒక స్ట్రోకు). ఊపిరి కుదుటపడ్డాక ఈసారి శక్తికొద్దీ ఈదమన్నాను. 35 సెకన్లు, 25 స్ట్రోకులు. ఒక్క సెకను తగ్గించడానికి నాలుగు స్ట్రోకులు ఎక్కువ పడ్డాయి, గోడ పట్టుకున్నాక కాసేపు నోట మాట రాలేదు. మరోసారి 50 మీటర్లు ఈదిస్తే 1 నిమిషం 22 సెకన్లు వచ్చింది.

నేను స్టాప్‌వాచ్‌ను ఒక్కదాన్నే ఎప్పుడూ నమ్మను. సెకన్లు, స్ట్రోకులు రెండూ పక్కపక్కన రాసుకుంటేనే ఈతగాడు ఎక్కడ నష్టపోతున్నాడో తెలుస్తుంది. శ్రమ పెంచినా వేగం పెరగని మనిషికి బలం చాలదని అనుకుంటాం. ఈయన రోజూ బరువు పని చేసే మనిషి, భుజాలు చూస్తేనే తెలుస్తుంది. ఆ బలమంతా ముందుకు పోవడానికి కాక, తన ఒంటి వల్లే పుడుతున్న అడ్డును ఎదిరించడానికి ఖర్చవుతోంది. నీటి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని రెట్టింపు చేస్తే నీరు నాలుగు రెట్లు అడ్డుపడుతుంది. అందుకే కొత్తవాళ్ళకు బలం పెంచుకోవడం కంటే అడ్డు తగ్గించుకోవడం ఎప్పుడూ చౌక.

బ్రెస్ట్ స్ట్రోక్‌లో ఈ లెక్క మరీ కఠినం. ఫ్రీస్టైల్‌లో ఒక చేయి నీటిని లాగుతుంటే రెండోది గాలిలోంచి ముందుకు వస్తుంది, కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. బ్రెస్ట్ స్ట్రోక్‌లో కాళ్ళు మడవడం, చేతులు ముందుకు చాపడం దాదాపు అంతా నీటిలోనే జరుగుతుంది. అంటే ప్రతి స్ట్రోకులోనూ ఒకసారి మనకు మనమే అడ్డం పడతాం. ప్రపంచ స్థాయిలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన పాన్ జాన్‌లె 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అదే దూరం బ్రెస్ట్ స్ట్రోక్‌లో బ్రిటన్ ఈతగాడు ఆడం పీటీ 2019లో నెలకొల్పిన రికార్డు 56.88 సెకన్లు. పది సెకన్లకు పైగా తేడా.

ఒక్క స్ట్రోకులోనే వేగం పెరుగుతుంది, పడిపోతుంది, మళ్ళీ పుంజుకుంటుంది. అన్నిటికంటే తక్కువకు పడిపోయేది కాళ్ళు మడిచే సమయంలో. ఈ కేసులో మేము చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ సమయం చుట్టూనే తిరిగింది.

ఒడ్డు మీది నుంచి కనిపించనిది

బ్రెస్ట్ స్ట్రోక్‌ను ఒడ్డు మీద నిలబడి సరిదిద్దే కోచ్‌లను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. పైనుంచి కనిపించేది తల, చేతులు మాత్రమే. అందుకే ఎవరిని చూసినా "చేతులు ఇంకా గట్టిగా లాగు" అని అరుస్తారు. నేను ఫోనును నీళ్ళు చొరబడని సంచిలో పెట్టి, పక్క లేన్‌లో మునిగి వీడియో తీస్తాను. ఖర్చు తక్కువ, వాదనకు తావుండదు.

వీడియోను ఆపి ఆపి ఇద్దరం చూశాం. తల పూర్తిగా నీటి పైన ఉంది, చూపు ఎదుటి గోడ మీద ఉంది. తల ఎత్తి ఉంటే నడుము దిగాల్సిందే. ఆయన ఒళ్ళు దాదాపు ఏటవాలుగా నిలబడి ఉంది. కూతురు అన్న మాట ఇక్కడ కళ్ళకు కట్టింది. తర్వాత కాళ్ళు. తన్నడానికి ముందు రెండు మోకాళ్ళనూ పొట్ట కిందికి లాక్కుంటున్నారు. తొడలు రెండూ నిట్టనిలువుగా కిందికి దిగి, వస్తున్న నీటికి అడ్డంగా నిలుస్తున్నాయి. ఎదురుగాలిలో గొడుగు తెరిచి పట్టుకొని పరుగెత్తినట్టే. ఆ చోట వీడియో ఆపి, వెనకాల గోడ మీది పలకల గీతలను చూపించాను. అంతదాకా వరసగా వెనక్కి జరుగుతున్న గీతలు తొడలు దిగగానే కదలడం మానేశాయి. మనిషి ఆగిపోయాడన్నమాట. ఒక్కో ల్యాప్‌లో, అంటే 25 మీటర్లలో, ఇరవైసార్లకు పైగా ఇలా ఆగి, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరుతున్నారు.

ఆయన చాలాసేపు తెరనే చూసి, "అయితే నేను తన్నేది ఆగిపోయిన బండిని తోయడానికేనా సార్?" అన్నారు. అంతే.

మూడో సంగతి ఎడమ పాదం. కుడి పాదం బయటికి తిరిగి, పాదం లోపలి అంచుతో నీటిని నెడుతోంది. ఎడమది తిరగడం లేదు. వేళ్ళు వెనక్కి చాచి, పాదం పైభాగంతో నీటిని కొడుతోంది. దీన్ని కత్తెర కిక్ అంటాం. పోటీలో అయితే ఈ తప్పుకు అనర్హులవుతారు; రెండు కాళ్ళూ ఒకేసారి, ఒకే తీరుగా కదలాలి, నెట్టేటప్పుడు రెండు పాదాలూ బయటికి తిరిగి ఉండాలి అన్నది నియమం. పోటీ సంగతి ఎలా ఉన్నా, ఒక కాలు పని చేయకపోతే సగం తోపు పోయినట్టే, పైగా ఒళ్ళు ఒక పక్కకు లాగుతుంది. ఆయన ప్రతి ల్యాప్‌లోనూ ఎడమ పక్క లేన్ తాడును ఒరుసుకుంటూ పోవడానికి కారణం ఇదే.

నాలుగోది, పాదాలు కలవకముందే చేతులు మళ్ళీ విప్పుతున్నారు. కిక్ ఇచ్చిన తోపుతో ముందుకు సాగే సమయంలో చేతులు వెడల్పై దానికే అడ్డుపడుతున్నాయి.

ఇవన్నీ బావి నేర్పిన అలవాట్లు. బావిలో అవి తప్పులు కానే కావు. మా వైపు వ్యవసాయ బావిలో అటు చివర నుంచి ఇటు చివరకు నాలుగు బారలు వేస్తే గోడ తగులుతుంది. సాగడానికి చోటే లేదు. పైనుంచి ఎవడు ఎప్పుడు దూకుతాడో తెలియదు కాబట్టి తల ఎత్తి చూసుకోవాలి. మోటారు పైపు, మెట్లు, పక్కవాడి కాళ్ళు అన్నీ గమనించుకోవాలి. ఒళ్ళు నిలువుగా ఉంచి, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని తన్నుకుంటే చోటు మారకుండా తేలి ఉండవచ్చు. బావిలో కావలసింది అదే. అలా నేర్చుకున్నవాళ్ళకు నీటి భయం ఉండదు. అది పెద్ద ఆస్తి. ఈ భయం పోగొట్టడానికే కొందరితో నాకు సీజనంతా పడుతుంది.

ముందు కాళ్ళు మడవడం

మొదటి కొన్ని వారాలు చేతులను పూర్తిగా పక్కన పెట్టించాను. ఆయనకు అది రుచించలేదు. ఫోనులో పీటీ వీడియోలు, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లో కాంస్యం గెలిచిన మన సందీప్ సేజ్వాల్ వీడియోలు చూసి వచ్చేవారు. వాళ్ళ చేతులు ఎంత చకచకా తిరుగుతున్నాయో చూపించి, "మనమూ అలా తిప్పితే?" అని అడిగేవారు. వాళ్ళు కాళ్ళు మడిచినా పెద్దగా ఆగరు కాబట్టి అంత చకచకా తిప్పగలుగుతున్నారు. ఆగిపోయే ఈతగాడు స్ట్రోకులు పెంచితే ఆగిపోవడాలే పెరుగుతాయి. 35 సెకన్లు, 25 స్ట్రోకులు అన్న కాగితం మళ్ళీ చూపించాను.

మొదట పాఠం నేల మీద. బోర్లా పడుకోబెట్టి, మోకాలు 90 డిగ్రీలు మడిపించి, పాదాన్ని బయటి వైపుకు వాలనివ్వమన్నాను. కుడి పాదం హాయిగా వాలింది, ఎడమది కొంచెం వాలి ఆగింది. తుంటి కీలు లోపలికి తిరగడంలో ఉన్న తేడా ఇది. ఇక్కడ మన కూర్చునే పద్ధతుల గురించి ఒక మాట. గొంతుకు కూర్చునే అలవాటు వల్ల మనవాళ్ళకు చీలమండలు బాగా వంగుతాయి. పాదాన్ని మోకాలి వైపు మడిచి పట్టుకోవాల్సిన బ్రెస్ట్ స్ట్రోక్‌కు అది కలిసొచ్చే గుణం. కానీ బాసింపట్టు వేసుకొని కూర్చోవడంలో తుంటి బయటికి తిరుగుతుంది, ఈ కిక్‌కు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. పెద్ద వయసులో నేర్చుకునేవారిలో చీలమండ బాగుండి, తుంటి బిగిసి ఉన్నవాళ్ళు నాకు తరచు తారసపడతారు. ఈయనా అంతే.

ఇంటి దగ్గర చేయడానికి రెండు పనులు ఇచ్చాను. పైన చెప్పినట్టు బోర్లా పడుకొని పాదాలను బయటికి వాల్చడం ఒకటి. కుర్చీలో మోకాళ్ళు దగ్గరగా పెట్టి కూర్చుని, పాదాలను మాత్రం దూరం జరపడం రెండోది. యూట్యూబ్ చూసి మడమల మధ్య కూర్చునే వీరాసనం వేస్తానన్నారు, వద్దన్నాను. తుంటి తిరగని మనిషి ఆ ఆసనంలో బలవంతంగా కూర్చుంటే మెలిక అంతా మోకాలి మీద పడుతుంది.

నీళ్ళలో మొదట గట్టు అంచున కూర్చోబెట్టి కాళ్ళు ఆడించాను. తన కాళ్ళను తాను చూసుకుంటూ చేయడం ఇక్కడ ఒక్కచోటే కుదురుతుంది. మడమలను వెనక్కి, గట్టు గోడ వైపు తెచ్చుకోవాలి. పాదాలు మోకాళ్ళ వైపు మడవాలి, వేళ్ళు బయటికి తిప్పాలి. అక్కడి నుంచి పాదం లోపలి అంచుతో, పిక్క లోపలి భాగంతో నీటిని పట్టుకొని గోడకు దూరంగా నెట్టి, చివర్లో రెండు పాదాలూ వేళ్ళు చాపి కలపాలి. ఎడమ పాదాన్ని చాలారోజులు నేను నీళ్ళలో నిలబడి చేత్తో పట్టుకొని తిప్పాను. "నా అరచేతిని నెట్టండి" అంటే తప్ప ఆ పాదానికి పని అర్థం కాలేదు. తర్వాత కళ్ళు మూసుకొని చేయించాను, ఎందుకంటే ఈదేటప్పుడు కాళ్ళు కనిపించవు కదా.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది వెల్లకిలా కిక్. వెల్లకిలా పడుకొని, చేతులు తొడల పక్కన పెట్టుకొని, బ్రెస్ట్ స్ట్రోక్ కిక్‌తో వెనక్కి పోవాలి. షరతు ఒక్కటే: మోకాళ్ళు నీటి పైకి రాకూడదు. తొడను లాక్కునేవారి మోకాళ్ళు నీటిని చీల్చుకొని బయటికి వస్తాయి. మడమను కిందుగా తెచ్చుకునేవారివి లోపలే ఉంటాయి. కోచ్ చెప్పనవసరం లేదు, తప్పు చేసిన క్షణమే మోకాలికి గాలి తగులుతుంది. మొదట్లో ప్రతి కిక్‌కూ ఆయన మోకాళ్ళు రెండూ పైకి తేలేవి. తగ్గించబోతే నడుము మునిగేది. తల వెనక్కి పెట్టి, చెవులు నీటిలో మునగనిచ్చాక నడుము నిలిచింది, అప్పటి నుంచి మోకాళ్ళు దారికొచ్చాయి.

బోర్లా కిక్ చేసేటప్పుడు కిక్ బోర్డు ఇవ్వలేదు. చాలా పూళ్ళలో మొదట చేతికిచ్చేది అదే. బోర్డు మీద చేతులు మోపితే భుజాలు లేస్తాయి, తల ఎత్తుతాం, నడుము దిగుతుంది. ఈయన ఏ అలవాటు వదలాలో అదే అలవాటుకు బోర్డు ఊతమిస్తుంది. చేతులు ముందుకు చాపి, అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, ముఖం నీటిలో పెట్టి కిక్ చేయించాను. ఒక్కో కిక్ తర్వాత ఒళ్ళంతా బారుగా చాపి కొద్దిగా సాగాలి. మొదట్లో ఒక ల్యాప్‌కు 24 కిక్‌లు పట్టేవి. మే మొదటికి 15కు దిగాయి.

మోకాళ్ళ వెడల్పు గురించి కూడా చెప్పాలి. "కప్పలా కొట్టు" అని పిల్లలకు చెబుతుంటారు, వాళ్ళు మోకాళ్ళు బార్లా తెరుస్తారు. మోకాళ్ళు భుజాల వెడల్పు, కొందరికి కొంచెం ఎక్కువ, అంతే చాలు. పాదాలు మోకాళ్ళ కంటే బయట ఉండాలి. మోకాళ్ళు పాదాల కంటే బయటికి పోతే నెట్టడానికి ఏమీ మిగలదు.

మోకాలి నొప్పి

మే నెల మధ్యలో ఎడమ మోకాలి లోపలి వైపు నొప్పి అన్నారు. వేడెక్కకుండానే పూల్‌లో దిగి, ఆదివారం ఒంటరిగా కిక్ ల్యాపులు చేస్తున్నారని అప్పుడే తెలిసింది. మోకాలి లోపలి వైపు ఉండే స్నాయువు మీద బ్రెస్ట్ స్ట్రోక్ కిక్ చాలా భారం వేస్తుంది. ఈ స్ట్రోక్ ఎక్కువగా ఈదేవారికి ఈ నొప్పి కొత్త కాదు. పాదం తిప్పాలన్న తొందరలో, తిరగని తుంటికి బదులు మోకాలిని మెలిపెట్టారు.

బ్రెస్ట్ స్ట్రోక్ కిక్‌ను పూర్తిగా ఆపించాను. వాపు ఉన్నా, నడిచేటప్పుడు నొప్పి వచ్చినా నా దగ్గరికి కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. డాక్టరు చూసి విశ్రాంతి చాలన్నారు. ఆ సమయంలో ఫ్రీస్టైల్ కిక్‌తో చేతుల పని మొదలుపెట్టాం. తిరిగి కిక్‌కు వచ్చినప్పుడు నియమాలు మార్చాం. ముందు కొన్ని ల్యాపులు నెమ్మదిగా ఫ్రీస్టైల్ ఈదాలి. కిక్ ల్యాపులు ఒక్క విడతలో తక్కువ. మొదటి విడతలో బలం అసలే వాడకూడదు. ఎడమ పాదం ఎంత తిరిగితే అంతే తిప్పాలి, కుడిదాన్ని దానికి సరిపడా తగ్గించాలి. రెండు కాళ్ళూ సమానంగా కొంచెం తక్కువ పని చేయడం, ఒకటి బాగా చేసి రెండోది మెలిపడటం కంటే వేగంగానే ఉంటుంది.

చేతులు, ఊపిరి, వరస

చేతుల గురించి చెప్పాల్సింది తక్కువ. ఆయన చేతులను నడుము దాకా లాగేవారు. బావిలో తల పైకి ఉంచడానికి అలా లాగాలి. బ్రెస్ట్ స్ట్రోక్‌లో అరచేతులు భుజాల వరసను దాటి వెనక్కి పోకుండా, రొమ్ము ముందు లోపలికి చుట్టి, వెంటనే ముందుకు చాపాలి. తుంటి వరస దాటితే అది నిబంధనలకూ విరుద్ధం, ప్రారంభంలోనూ టర్న్ (గోడను తాకి వెనక్కి తిరగడం) తర్వాతా వేసే మొదటి స్ట్రోకుకు తప్ప. మోచేతులు పక్కటెముకలకు అంటుకుపోతే చేతులు ముందుకు రావడానికి ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో నడుము మునుగుతుంది. "మీ చేతులు మీ కంటికి కనిపించని చోటికి పోకూడదు" అన్న ఒక్క మాటతో చాలావరకు సరైపోయింది.

ఊపిరి దగ్గర కాస్త మొండితనం ఎదురైంది. ముఖం నీటిలో పెట్టడం ఆయనకు కష్టం కాదు, కానీ లోపల ఊపిరి బిగబట్టి, పైకి వచ్చాక వదిలి, పీల్చి, మళ్ళీ మునిగేవారు. అన్ని పనులకూ పైన సమయం ఎక్కడిది? అందుకే తల పైన ఎక్కువసేపు ఉండిపోయేది. నీటిలో ఉన్నంతసేపూ సన్నగా ఊపిరి వదులుతూ, పైకి వచ్చేటప్పుడు మిగిలింది ఊదేసి, పైన పీల్చుకోవడం ఒక్కటే చేయాలి. తల ఎత్తేటప్పుడు కూడా చూపు ఎదుటి గోడ మీద కాదు, ముందున్న నీటి మీద ఉండాలి. గడ్డం నీటిని దాదాపు తాకుతూ ఉండాలి.

వరసకు నాలుగు మాటలు పెట్టుకున్నాం: లాగు, పీల్చు, తన్ను, సాగు. అసలు కిటుకు రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉంది. చేతులు ముందుకు వెళ్ళడం మొదలైనప్పుడే మడమలు పైకి రావాలి. చేతులు దాదాపు చాచి, తల దిగాకే తన్నాలి. ఎదుట చేతులు, తల బారుగా ఉంటే కిక్ ఇచ్చిన తోపు మొత్తం ప్రయాణంగా మారుతుంది. ఆయన కిక్, పుల్ (చేతులతో లాగడం) రెండూ ఒకేసారి చేసేవారు కాబట్టి ఒకదాన్ని మరొకటి తినేసేది. దీనికి రెండు కిక్‌లకు ఒక పుల్ అనే సాధన బాగా పనికొచ్చింది. మొదటి కిక్ తర్వాత చేతులు కదపకుండా చాచే ఉంచాలి, రెండో కిక్ తర్వాతే లాగాలి. చేతులకు ఓర్పు నేర్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

మే నెల సాయంత్రాల్లో ఈ పని చేయించడం ఎంత కష్టమో హనుమకొండలో నేర్పేవారికే తెలుసు. ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున ఊరి పిల్లలంతా పూల్‌లోనే ఉంటారు. లేన్ తాడు కింది నుంచి ఒకడు, పైనుంచి ఒకడు దూకుతుంటే ఎవరైనా తల ఎత్తి చూసుకోవాల్సిందే. బావి అలవాటు మళ్ళీ తలెత్తుతుంది. అందుకే ఆయన డ్యూటీ కుదిరినప్పుడల్లా తెల్లవారుజాము బ్యాచ్‌కే రమ్మన్నాను.

ఎంతసేపు సాగాలి

కాళ్ళు, వరస కుదిరాక కొత్త సమస్య వచ్చింది. సాగడం రుచి మరిగారు. ఒక్కో కిక్ తర్వాత హాయిగా తేలుతూ ఉండిపోయి, 11 స్ట్రోకుల్లో ల్యాప్ పూర్తి చేసి, ఏదో సాధించినట్టు చూశారు. గడియారం 34 సెకన్లు చూపించింది. స్ట్రోకులు ఎంత తగ్గితే అంత గొప్ప అని చెప్పే వాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. కిక్ తర్వాత వేగం క్షణక్షణానికీ పడిపోతుంది. బాగా పడిపోయేదాకా సాగితే, మళ్ళీ ఆగిన చోటి నుంచి బయలుదేరడమే అవుతుంది.

అందుకే సెకన్లు, స్ట్రోకులు కలిపి చూడటం మొదలుపెట్టాం; మొత్తం తగ్గితే ఈత మెరుగైనట్టు. మొదటి రోజున 36, 21 కలిపితే 57. బాగా సాగిన రోజున 34, 11 కలిపి 45. కొద్దిగా తగ్గించి 13 స్ట్రోకులతో ఈదితే 29 సెకన్లు, మొత్తం 42. ఇంకొంచెం చురుకుగా 15 స్ట్రోకులతో 28 సెకన్లు, మొత్తం 43. సాధనకు 13 మంచిది, 50 మీటర్ల వేగానికి 15 మంచిది. 17కు పెంచి చూస్తే సమయం 29 సెకన్లకు పోయింది, మోకాళ్ళు మళ్ళీ పొట్ట కిందికి దిగడం వీడియోలో కనిపించింది. ఆయన ప్రస్తుత హద్దు అక్కడ ఉంది. ఈ హద్దు ఒక్కొక్కరికీ వేరు. పక్క లేన్ మనిషి లెక్కను అరువు తెచ్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

గోడ దగ్గర దొరికిన సెకన్లు

టర్న్‌లో ఆయన ఒక చేత్తో గోడ పట్టుకొని తిరిగేవారు. నియమం ప్రకారం రెండు చేతులూ ఒకేసారి తాకాలి. అది ఒక్కరోజు పని. అంతకంటే విలువైనది గోడను తన్నిన తర్వాత నీటి అడుగున వేసే పెద్ద స్ట్రోకు. అక్కడ మాత్రం చేతులను తొడల దాకా లాగవచ్చు, ఒక డాల్ఫిన్ కిక్‌కు (రెండు కాళ్ళూ కలిపి అలలా ఊపడం) అనుమతి ఉంది, ఆ తర్వాత ఒక బ్రెస్ట్ స్ట్రోక్ కిక్‌తో పైకి రావాలి. నీటి పైన అలలు పుట్టించడానికి పోయే శక్తి అడుగున ఆదా అవుతుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు చెందిన మసారు ఫురుకావా 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌ను చాలాభాగం నీటి అడుగునే ఈది స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాతే అలా ఈదడాన్ని నిషేధించారు. ఇప్పుడు మిగిలింది ప్రారంభంలోనూ టర్న్ దగ్గరా ఈ ఒక్క అవకాశం. దాన్ని వదులుకోవడం ఎందుకు?

డాల్ఫిన్ కిక్ ఈయనకు ఇంకా రాలేదు, నేనూ పట్టుబట్టలేదు. బాణంలా బారుగా చాచడం, లాగడం, తన్నడం ఈ మూడింటితోనే గోడ నుంచి నాలుగు మీటర్లలో తేలే మనిషి ఏడు మీటర్ల దగ్గర తేలుతున్నారు. ఊపిరి బిగబట్టి అడుగున ఎంతదూరం పోగలమో పందెం వేసుకోవడం మాత్రం మా పూల్‌లో ఎవరినీ చేయనివ్వను. ముందుగా గబగబా ఊపిరి పీల్చి మునిగితే, హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పవచ్చు.

జూన్ చివరికి

50 మీటర్లు 1 నిమిషం 2 సెకన్లు. అదే మనిషి, అదే బలం. బరువు కూడా పెద్దగా తగ్గలేదు. తగ్గిన 20 సెకన్లలో చాలావరకు కాళ్ళు మడిచే తీరు, వరస మారడం వల్ల, కొన్ని గోడ దగ్గర దొరికాయి. చేతుల వల్ల వచ్చింది అన్నిటికంటే తక్కువ. కొత్త వీడియోలో మోకాళ్ళు మడిచేటప్పుడు వెనకాల పలకల గీతలు నెమ్మదిస్తున్నాయి, ఆగడం లేదు. కూతురు ఫ్రీస్టైల్‌లో ఇంకా ముందే ఉంది, బ్రెస్ట్ స్ట్రోక్‌లో మాత్రం ఇప్పుడు ఇద్దరికీ పోటీ.

మిగిలిన పని ఉంది. అలసిపోతే తల మళ్ళీ లేస్తుంది. 100 మీటర్లు ఈదించి చూస్తే మూడో ల్యాప్ చివరికి ఎడమ పాదం తిరగడం మానేసి కత్తెర పడుతోంది. అలా పడ్డాక ఈదే ప్రతి మీటరూ ఆ తప్పును గట్టిపరుస్తుంది కాబట్టి, ప్రస్తుతానికి 50 మీటర్లు దాటి పూర్తి స్ట్రోక్ ఈదించడం లేదు. వానలు మొదలై పూల్ ఖాళీ అయ్యాక వెల్లకిలా కిక్ ల్యాపులు పెంచుతున్నాం, మధ్యలో ఆయన మోకాలి సంగతి అడిగి తెలుసుకుంటూ.